వాగు మధ్య ఊరు



జెనీవా సరస్సు దక్షిణపు ఒడ్డున సాన్ జాంగోల్ఫ్ అనే చిన్న ఊరుంది. వెనక ఆల్ప్స్ కొండలు, ముందు సరస్సు. కొండల్లోంచి మోర్జ్ అనే వాగు దిగొచ్చి, ఊరి నడుమగా పారి సరస్సులో కలుస్తుంది. ఆ వాగే సరిహద్దు. ఇటు ఫ్రాన్స్, అటు స్విట్జర్లాండ్. వంతెన దాటితే దేశం మారిపోతుంది.

ఈ పంపకం నిన్నమొన్నటిది కాదండీ. 1569లో సవోయ్ ప్రభువులూ, ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని వాలే ప్రాంతం వాళ్ళూ ఒప్పందం చేసుకుని వాగును హద్దుగా పెట్టుకున్నారు. సవోయ్ ఫ్రాన్సులో కలిసింది చాలా తర్వాత, 1860లో.

ఊరు రెండైంది. చర్చి మాత్రం ఒక్కటే. శ్మశానమూ ఒక్కటే. రెండూ ఫ్రాన్సు వైపే ఉన్నాయి. అంటే స్విస్ వైపు ఎవరైనా పోతే, అంతిమయాత్ర సరిహద్దు దాటాల్సిందే!

ఆ వంతెన విలువ రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జులైలో తెలిసొచ్చింది. ఫ్రెంచి ప్రతిఘటన దళం అక్కడి జర్మన్ కావలి మీద దాడి చేసింది. మర్నాడు నాజీ సైనికులు పగ తీర్చుకోవడానికి వచ్చారు. కొందరిని పట్టుకుని కాల్చి చంపారు. ఫ్రెంచి వైపు ఇళ్ళు తగలబెట్టారు. జనం పిల్లాజెల్లాతో వాగు దాటి స్విస్ వైపుకు పరుగెత్తారు. అవతల ఉన్నది పరాయి దేశమే, కానీ పరాయివాళ్ళు కాదు. యుద్ధం ముగిశాక కాలిన ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నారు.

ఇప్పుడు ఫ్రెంచి వైపు నుంచి ప్రయాణికుల రైళ్ళు లేవు, స్విస్ వైపు నుంచి ఉన్నాయి. ఎప్పుడైనా ఆ దారిన వెళితే, స్విస్ రైలు దిగి, నడుచుకుంటూ వంతెన దాటండి. పాస్‌పోర్టు మాత్రం జేబులో ఉంచుకోండి.