అంతర్వేది దారిలో అత్తగారితో



మాది అమలాపురం. సముద్రం మాకు దూరమేమీ కాదు. ఓడలరేవుకి బస్సెక్కితే గంటలోపే ఇసుకలో కాలు పెట్టొచ్చు. అయినా మా అత్తగారు పాతికేళ్ళకు పైగా సముద్రం ముఖం చూడలేదంటే నమ్ముతారా? 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో కోనసీమలో తోటలు తోటలే నేలకొరిగాయి. ఆవిడ పుట్టింటివారి కొబ్బరి తోట తెల్లారేసరికి పడుకునుంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది కదా, అదొక బాధ. తోటలో కాపలా పడుకున్న మనిషి తిరిగి రాలేదు, అది తీరని బాధ. ఆనాటినుంచి సముద్రం అంటే ఆవిడ "వద్దమ్మాయ్" అనేవారు, అంతే.

మొన్న మాఘమాసంలో, తీర్థం రద్దీ తగ్గాక, అంతర్వేది వెళదామని మావారు కారు మాట్లాడారు. "కొత్త రథాన్ని చూద్దురుగాని రండత్తయ్యా" అన్నాను. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయినప్పుడు ఆవిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మరుసటి ఏడాది కల్యాణానికే కొత్తది తయారైందని విన్నారు గాని కళ్ళతో చూడలేదు. "గుడి వరకేనోయ్" అని ఒప్పందం చేసుకుని బయలుదేరారు.

ఈ దారి మీరు ఒక్కసారైనా పగటిపూట చూడాలి. బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద వంతెన ఎక్కగానే రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళ అంచున కొబ్బరి తలలు. ఆవిడ కొత్త కోడలుగా ఈ పాయను పడవ మీద దాటారట. పట్టుచీర తడుస్తుందని పెట్టె మీద కూర్చోబెట్టారట! అవతల పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడ గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. తాటిపాక, రాజోలు దాటి సఖినేటిపల్లి వైపు తిరిగితే తోటల మధ్య రొయ్యల చెరువులు మొదలవుతాయి. చెరువుల ఉప్పు మా తోటలకు పట్టుకుంటోందని రైతుల గోడు. నాకైతే ఆ చెరువులు కళ్ళకు ఇంపుగా అనిపించలేదు.

గుడిలో దర్శనమైంది. కొత్త రథం చుట్టూ తిరిగి, చక్రాన్ని చేత్తో తడిమి, "టేకేనా?" అని మావారిని అడిగారు. తరువాత కారులో కూర్చున్నారు. మేము పిల్లలతో అన్నాచెల్లెళ్ళ గట్టుకి బయలుదేరాం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది అక్కడే. ఒక పక్క నదీ జలం, ఒక పక్క సముద్రపు నీరు, మధ్యలో రంగు తేడా కనిపిస్తూనే ఉంటుంది.

సోదరీమణులారా, ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ కలిసే చోట నీళ్ళు పైకి నెమ్మదిగా ఉంటాయి, అడుగున లాగుతాయి. ఆటు సమయంలో మరీను. మోకాలి లోతే కదా అని పిల్లల్ని దింపకండి. నేను ఫలహారం డబ్బా విప్పుతూ అర నిమిషం తల దించాను. తలెత్తేసరికి మా చిన్నవాడు నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. నాకు నోట మాట రాలేదు. వెనకనుంచి ఎవరో చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఇసుకలో పరుగెత్తుకొచ్చి వాడి జబ్బ పట్టుకుని లాగారు. చూద్దునుకదా, మా అత్తగారు!

వాణ్ణి కొట్టలేదు, నన్ను తిట్టలేదు. వాడి తల కొంగుతో తుడిచి, అక్కడే తడి చీరతో నిలబడిపోయారు. "కారు కిటికీలోంచి చూస్తూనే ఉన్నానమ్మాయ్" అన్నారు. అంటే గుడి వరకేనని వచ్చిన మనిషి ఎంతసేపు అటే చూస్తూ కూర్చున్నారో మరి. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. అల వచ్చి ఆవిడ పాదాలు తడిపి వెళుతూనే ఉంది.

మీరు వెళితే చీర మార్చుకోవడానికి రెండో జత, మంచినీళ్ళు తప్పక పట్టుకెళ్ళండి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే గోదావరి దాటి నరసాపురం చేరతారు. ఒకప్పుడు డచ్చివారు వర్తకం చేసిన ఊరు. పక్కనే ఉన్న మాధవాయిపాలెం పేరుతో ఇంగ్లీషువారు ఒక నూలుబట్టకే పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు పేరు లేసుది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పంటు మీద ఒకామె లేసు మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. రోజల్లా అల్లినా చేతికొచ్చేది కొద్దిపాటేనని చెప్పింది. మా అత్తగారు గుమ్మానికి వేసే తోరణం ఒకటి తీసుకున్నారు. కూరగాయల బండివాడి దగ్గర అర్ధరూపాయికి వాదించే మనిషి, బేరమాడలేదు.

తిరుగు పంటుకోసం ఆగకుండా పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి వచ్చాం. వంతెన మీద పొద్దు గుంకుతోంది. చిన్నవాడు నాన్నమ్మ ఒళ్ళో నిద్రపోయాడు. వాడి జుట్టులో ఇసుకని ఆవిడ ఇంటికి వచ్చేవరకు వేళ్ళతో దులుపుతూనే ఉన్నారు.