రోబోకున్న ఓపిక

ఈ వారం ఆటిజం ఉన్న పిల్లలతో ఆడే రోబోల గురించి మాట్లాడుకుందాం. కంప్యూటర్లతో పొట్టపోసుకునేవాణ్ణి కాబట్టి యంత్రాన్ని ఆకాశానికెత్తేస్తానని అనుకోకండి.

లండన్‌కి ఉత్తరాన ఉన్న హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో 2005లో కాస్పర్ అనే రోబోకి రూపకల్పన మొదలైంది. చిన్నపిల్లాడంత ఉంటుంది. ముఖాన్ని కావాలనే సాదాగా చేశారు. మనం మాట్లాడుతుంటే కళ్ళు, కనుబొమలు, గొంతు క్షణానికోలా మారుతుంటాయి కదా, అవన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడితే ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు ఉక్కిరిబిక్కిరవుతారు. కాస్పర్ కొద్ది భావాలే చూపిస్తుంది, అవీ ప్రతిసారీ ఒకేలా.

దాని ఒంట్లో స్పర్శను గుర్తించే సెన్సర్లున్నాయి. మెల్లగా చక్కిలిగిలి పెడితే నవ్వుతుంది. గట్టిగా కొడితే నొప్పి అని ముఖం కప్పుకుంటుంది. పక్కనున్న టీచరు అప్పుడు, ఎంత మెల్లగా ముట్టుకోవాలో చూపిస్తారు. ఇరవైసార్లు చేసినా రోబో విసుక్కోదు.

మరి బొమ్మతో కుదిరింది మనుషులతో కుదురుతుందా? అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 12 మంది పిల్లల ఇళ్ళల్లో నెలరోజులు ఒక రోబోను ఉంచి, ఫలితాలను 2018లో ప్రచురించారు. అది మనిషి ఆకారంలో ఉండదు, బల్లమీద పెట్టుకునే చిన్న రోబో. రోజూ అరగంట ఆటలు. పక్కన ఇంట్లోని పెద్దవాళ్ళొకరు కూర్చోవాలి. ఆ నెల చివరికి, రోబో లేనప్పుడు కూడా పెద్దవాళ్ళు చూపించినవైపు చూడటం పిల్లల్లో మెరుగైంది. 12 మందంటే చిన్న సంఖ్యే, దీన్నిబట్టి అందరికీ పనిచేస్తుందని చెప్పలేం. పైగా ఆ రోబోను అమ్మిన కంపెనీ ఆ తరువాత మూతపడింది. మా వృత్తిలో ఇది మామూలే. అందుకే ఎవరైనా ఇలాంటిది కొనమంటే, దీన్ని పక్కన పెట్టేశాక మా పిల్లవాడికి ఏం మిగులుతుందని అడగండి.

ఇక మన ఇళ్ళ సంగతి. మూడేళ్ళొచ్చినా మాట రాకపోతే "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే" అని సరిపెట్టుకుంటాం. డాక్టరు ఆటిజం అని చెబితే ఊళ్ళో అమ్మమ్మకి చెప్పం. ఉగాది వేడుకలకు పిల్లవాణ్ణి తీసుకురావడం మానేస్తాం. మనుషులతో మెలగడం నేర్వాల్సిన పిల్లవాడికి మనుషులే కరువైతే ఎలా?

అనుమానముంటే ఆగకుండా డాక్టర్ని కలవండి. ఇక మిగతా మనమంతా, అంటే బాబాయిలం, అత్తయ్యలం, కాస్పర్‌ని చూసి రెండు పనులు నేర్చుకోవచ్చు. ఒకే మాటను ఒకేలా, చిన్నగా చెప్పడం. జవాబు కోసం మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగడం. "నా కళ్ళల్లోకి చూడరా" అని గడ్డం పట్టుకోకండి, చూడకుండా కూడా వాడు వింటూ ఉండొచ్చు.

వచ్చే ఉగాదికి అలాంటి పిల్లలున్న కుటుంబాన్ని మీరే ఫోన్ చేసి పిలవండి. మైకు మోత లేని గది ఒకటి వాళ్ళకోసం ఉంచండి. సెలవు.