తలుపులు మూసిన గదిలో ధర్మము

పార్లమెంటు అనగానే మన మనస్సున మెదలునది నిండుసభ. ప్రశ్నలు, సమాధానములు, వాగ్వాదములు, నిష్క్రమణములు - వీనినే మనము వినుచున్నాము, చదువుచున్నాము. కాని సభలో గంటలో ముగియు విషయమును నెలల తరబడి పరిశీలించు చోటు వేరొకటి కలదు. అది కమిటీ గది. అచట ప్రేక్షకులు లేరు. పత్రికా విలేఖరులును లేరు. చూచువారు లేని చోట సభ్యులను దారి తప్పనీయక నిలుపునది ఏది? ఈ సంగతిని మనము కొంత విచారింతము.

రాజ్యాంగములోని 118వ అధికరణము పార్లమెంటులోని ప్రతి సభకును తన కార్యక్రమమును తానే క్రమపరచుకొను అధికారము నొసగినది. లోక్‌సభ నిబంధనలు ఆ అధికారమువలన పుట్టినవే. కమిటీలు సభకు బిడ్డలవంటివి గనుక ఆ నిబంధనలకు లోబడియే నడువవలెను. ఐనను, అవి చాలని చోట స్పీకరు ఆమోదముతో కమిటీ తనకు వలయు నియమములను తానే చేసికొనవచ్చును. పెద్దల మాట జవదాటకుండ వేరింటి కాపురము దిద్దుకొనుటవంటిది ఈ యేర్పాటు.

ఆ నిబంధనలు చూచుటకు చిన్నవే. సభ్యులలో మూడవవంతు హాజరు కానిదే సమావేశము సాగదు. 30 మంది గల అంచనాల సంఘమునకు 10 మంది రావలెను. అనుమతి లేక వరుసగా రెండు సమావేశములకు రాని సభ్యుని తొలగింపవచ్చును. విచారణలోని విషయమున సొంత లాభము కలవాని సభ్యత్వమునకు అభ్యంతరము చెప్పవచ్చును. వోట్లు సమమైనచో అధ్యక్షుని వోటు తీర్పు చెప్పును. కాగితములను, మనుష్యులను రప్పించు అధికారము కమిటీకి కలదు. రాజ్యక్షేమమునకు భంగమన్న కారణమున ప్రభుత్వము పత్రము నీయ నిరాకరింపనూవచ్చును. నివేదిక సభ ముందుకు వచ్చువరకు లోపలి మాట బయటికి పొక్కరాదు.

ఈ గోప్యమెందులకని కొందరడుగుదురు. గ్యాలరీ లేని చోట సభ్యుడు తన పక్షపు పట్టుదలను కొంత సడలించి న్యాయమును చూడగలడు. అధికారియు జంకు లేక నిజము చెప్పగలడు. అందుకే ఆ తలుపులు మూయుదురు.

వ్రాతలో లేని కట్టుబాట్లును కలవు. 1921లో ఏర్పడిన ప్రజాపద్దుల సంఘమునకు 1950 వరకు ఆర్థిక శాఖ చూచువారే అధ్యక్షులు. లెక్క చెప్పవలసినవారే లెక్క అడుగు పీఠమున కూర్చుండిరన్నమాట! 1967లో నీలం సంజీవరెడ్డిగారు స్పీకరుగా నుండగా, ప్రతిపక్షమునకు చెందిన మినూ మసానీగారు ఆ పీఠమెక్కిరి. నాటినుండి అది ప్రతిపక్షమునకే చెల్లు ఆచారమైనది.

ఇంత కట్టుబాటుండియు ఒకపరి గట్టు తెగినది. 2011 ఏప్రిల్‌లో 2జీ స్పెక్ట్రము కేటాయింపులపై ఆ సంఘపు ముసాయిదా నివేదిక చర్చకు రాకముందే పత్రికల కెక్కెను. సమావేశమున కలహము రేగెను. అధ్యక్షుడు సమావేశము వాయిదా వేసి వెడలిపోయెను. మిగిలిన సభ్యులు వేరొకరిని అధ్యక్షునిగా నెన్నుకొని, ముసాయిదాను త్రోసిపుచ్చితిమనిరి. అధ్యక్షుడు దానిని స్పీకరుకు పంపగా, అది తిరిగి వచ్చినది. ఆ సంఘపు నివేదికలకు అసమ్మతి పత్రము జోడించు పద్ధతి లేదు. అందరును ఒక్క మాటపైకి రావలెనన్నదే దాని బలము. ఆ మాట కుదరనపుడు అదియే దాని బలహీనత.

ఆనాడు ఎవరు గెలిచిరన్నది మనకు ముఖ్యము కాదు. ఓడినది మన లెక్క. ప్రజల సొమ్మునుగూర్చి ప్రజలకు అందవలసిన సమాధానము ఆ గదిలోనే నిలిచిపోయినది. నిబంధన గోడవంటిది, దానిని నిలుపు పునాది సభ్యుల పరస్పర విశ్వాసము. రచ్చబండపై పెద్దల మాట చెల్లినది చేతికఱ్ఱ చూచి కాదు, వారి నడత చూచి. కనుక ఓటు వేయునపుడు అభ్యర్థి ఎంత గట్టిగా మాటలాడునని మాత్రమే గాక, ఎవరును చూడని గదిలో ఎట్లు మెలగునని కూడ మనము యోచింపవలెను.