చేను పండని ఏట పాట

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. వేలమంది పోయారు, వరిచేలు ఉప్పునీట మునిగాయి, పశువులు కొట్టుకుపోయాయి. మర్నాడు ఆదివారం. అలాంటి వారంలో దేవుణ్ణి ఏమని స్తుతించాలి?

బైబిల్లో హబక్కూకు మూడో అధ్యాయం ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా వస్తుంది. అంజూరం పూయలేదు, చేలు పండలేదు, దొడ్లో గొర్రెలు లేవు, కొట్టంలో పశువులు లేవు అంటూ ప్రవక్త ఒక్కో నష్టాన్నీ పేరుపెట్టి చెబుతాడు. దేన్నీ దాచడు. ఆ తర్వాతే, అయినా దేవునిలో సంతోషిస్తానంటాడు. అధ్యాయం చివర ప్రధాన గాయకుడి పేరిట, తంతివాద్యాలతో పాడమన్న సూచన కూడా ఉంది. అంటే ఆ దుఃఖాన్ని నలుగురూ కలిసి పాడుకోవాలనే రాశారు!

2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడ ఇళ్లలోకి వచ్చింది. అలా బురద కడుక్కుని ప్రార్థనకు వచ్చినవాళ్లతో "ఏడవకండి, విశ్వాసం ఉంచండి" అనేస్తాం. దయచేసి అనొద్దు. పదమూడో కీర్తనలో దావీదు ఎంతకాలమని దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీశాకే, చివరి వచనంలో పాట ఎత్తుకున్నాడు. గొంతు పెగలనివాళ్లను పల్లవి అందుకోమని బలవంతపెట్టకండి. వాళ్ల పక్కన కూర్చుని మీరు పాడండి.