గాలివాన రోజున ఎవరి మాట నమ్మాలి?

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో అధ్యక్షురాలి ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, అప్పులెంత, వసూలు ఎంత అన్నది మన కార్యదర్శి గారు చదివి వినిపించారు. ఆ లెక్కలు నేను మళ్లీ చెప్పను. 2018లో నా నోటి నుంచి వచ్చిన ఒక మాట గురించి చెప్తాను. ఇన్నేళ్లూ సభలో ఎప్పుడూ చెప్పలేదు. ఈ రోజు చెప్పాలనిపించింది.

తిత్లీ తుఫానును మనలో మర్చిపోయినవాళ్లు లేరు. అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. తాతల నాటి కొబ్బరిచెట్లు, జీడితోటలు, పనసచెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. ముందు రోజు సాయంత్రం కరెంటు ఉన్నంతసేపు మేం టీవీ చూశాం. తుఫాను గోపాలపూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుందని చెప్పారు. మా ఎదురింటి పిన్ని ఒక్కర్తే ఉంటుంది. పెంకుటిల్లు. టీవీ లేదు, ఫోనూ లేదు. నేను బియ్యం, బట్టలు మూట కడుతుంటే గుమ్మంలోకొచ్చి అడిగింది: "ఏటమ్మా, టీవీలో ఏటంతన్నారు? బడికాడికెళ్లిపోమంతారా?"

అప్పుడే మా చుట్టాల్లో ఒకరు ఫోన్‌లో మెసేజ్ పెట్టారు, తుఫాను గోపాలపూర్ వైపు వెళ్లిపోయిందని. నేను తలైనా ఎత్తకుండా, "గోపాలపూరంట పిన్నీ, ఒడిశాకెళ్లిపోద్దంట, మనకేం భయం లేదు" అన్నాను. పిన్ని తలుపేసుకుని పడుకుంది.

తెల్లవారకముందే ఆమె ఇంటి గోడ కూలింది. కాలు కింద పడిపోయింది. ఆ గాలిలో వీధి దాటడానికి మాకు శక్తి లేదు. గాలి తగ్గాకే వెళ్లి తీశాం. ప్రాణం దక్కింది గానీ ఈ రోజుకీ కర్ర లేకుండా నడవలేదు. నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

నేను కావాలని అబద్ధం చెప్పలేదు. టీవీ వాళ్లు కూడా తప్పు చెప్పలేదు. గోపాలపూర్, కళింగపట్నం మధ్య అంటే ఏమిటి? ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు అన్నీ ఆ మధ్యలోనే ఉన్నాయి. నేను ఆ "మధ్య" అన్న ఒక్క మాట వదిలేశాను. మొదటి ఊరి పేరు పట్టుకుని, చుట్టాల మెసేజ్ దానికి కలిపి, మనకి కాదులే అనుకున్నాను. పెద్ద తుఫానుకి తీరం మీద ఒక ఊరు ఉండదమ్మా. పేరు ఏ ఊరిదైనా, గాలి ఎన్నో ఊళ్ల మీద వీస్తుంది.

ఇంకొక సంగతి ఆలోచించండి. ఆ సాయంత్రం మా వీధిలో మైకులో కూడా చెప్పారు, బడికి వెళ్లిపోండని. పిన్ని అది విన్నది. విని కదల్లేదు. నన్ను అడిగింది. ఎందుకంటే మైకు ఎవరిదో ఆమెకు తెలీదు, నేను తెలుసు. ప్రతి నెలా సంఘం పుస్తకం పట్టుకుని తిరిగే మనిషిని. ఆపద వచ్చినప్పుడు జనం ముందు ప్రకటన వింటారు, తర్వాత తెలిసిన మనిషి మొహం చూస్తారు. ఆ మనిషి ఏమంటే అదే చేస్తారు. వాతావరణ శాఖ ఎంత సరిగ్గా చెప్పినా, ఆఖరి మాట మన గుమ్మంలోనే చెప్పాలి. అందుకే మన నోటికి వచ్చే కబురు సరైనదై ఉండాలి.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో వేల మంది పోయారు. ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి, తుఫాను పుట్టిన నాటి నుంచే చెప్తున్నారు. తుఫాను ఉన్నన్ని రోజులూ మూడు గంటలకొకసారి సమాచారం విడుదల చేస్తారు. తీరం దగ్గరికి వచ్చాక గంట గంటకీ చెప్తారు. పసుపు రంగు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడమని. ఈ రంగులు మన పిల్లలకు కూడా నేర్పాలి.

కానీ టీవీ, ఫోన్ మన చేతిలో ఎంతసేపు పనిచేస్తాయి? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం లాంటి మహానగరంలోనే కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. ఇక మన పల్లెలు ఎంత? ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. తుఫాను కన్ను నగరం మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. తగ్గిపోయిందనుకుని బయటికి వచ్చేవాళ్లకు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంత గాలీ తగులుతుంది. రేడియో పక్కన ఉంటే అది తెలుస్తుంది. లేకపోతే ఆకాశం చూసి మోసపోతాం.

తుఫాను వెళ్లిపోయాక కబురు అవసరం ఇంకా పెరుగుతుంది. మంచినీళ్ల ట్యాంకరు ఎక్కడికి వస్తుంది, బియ్యం ఎప్పుడిస్తారు, నష్టం రాసేవాళ్లు ఏ వీధికి ఎప్పుడొస్తారు. తిత్లీ తర్వాత మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ దగ్గర డబ్బులిచ్చి ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నాం. "ఈ రోజే పేర్లు రాస్తారంట, రేపటి నుంచి లేదంట" అని ఎవరో అంటే, చంటిపిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు మండల కేంద్రం దాకా నడిచి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. అక్కడ ఎవరూ ఏ పేర్లూ రాయడం లేదు.

అందుకని ఏ కబురొచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఏ ఏ ఊళ్ల గురించి చెప్పారు? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ మెసేజ్ ముందుకు పంపకూడదు. నిన్నటి కబురు నిజమే అయినా ఈ రోజుకి అది పాతదే.

మన దగ్గర ఇంకెవరికీ లేని బలం ఒకటి ఉంది. కిస్తీ తేదీ మారిందని ఇక్కడ చెప్తే, సాయంత్రానికల్లా ప్రతి సంఘంలో ప్రతి సభ్యురాలికీ తెలిసిపోతుంది. సమాఖ్య నుంచి గ్రామ సంఘానికి, అక్కడి నుంచి సంఘానికి, సంఘం నుంచి ఇంటికి. ఆ దారిలోనే తుఫాను కబురూ వెళ్లాలి. దీని కోసం ఈ సభ ముందు నాలుగు పనులు పెడుతున్నాను.

మొదటిది, ప్రతి గ్రామ సంఘం ఒక చిన్న రేడియో, దానికి సరిపడా బ్యాటరీలు కొని ఉంచాలి. అక్టోబర్ రాకముందే ఒకసారి పెట్టి చూడాలి.

రెండోది, సంఘం కార్యాలయం బయట ఒక నల్లబల్ల. చివరిగా విన్న సమాచారం, విన్న గంట, ఎక్కడ విన్నదీ దాని మీద రాయాలి. చదవడం రానివాళ్లకు చదివి చెప్పాలి.

మూడోది, ఫోన్ లేని ఇళ్లు, ఒంటరి ముసలివాళ్లు, గర్భిణీలు, మంచాన ఉన్నవాళ్లు ఎవరెవరో జాబితా రాయాలి. ఒక్కో ఇంటికి ఇద్దరు సభ్యుల పేర్లు పెట్టాలి. వాళ్లు కబురు చెప్పి వచ్చేయకూడదు. ఆ మనిషిని బడికి చేర్చి రావాలి.

నాలుగోది, అనుమానం వస్తే అడగడానికి 112, 1070 నంబర్లు ఫోన్‌లో ఉంటే చాలదు, సంఘం పుస్తకం అట్ట మీద రాసుకోవాలి. ఫోన్ ఆరిపోయినా పుస్తకం ఉంటుంది.

చివరిగా ఒక్క మాట. మన మత్స్యకార అక్కలకు ఓడరేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు తెలుసు. 1 నుంచి 11 దాకా ఉంటాయి. పదో నంబరు అంటే పెద్ద ప్రమాదం. మరి పదకొండో నంబరు? హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదం ఉండొచ్చు అని. అంటే కబురు అందకపోవడం కూడా ఒక ప్రమాదమేనని మన పెద్దలు లెక్కేశారు. ఏ కబురూ రాలేదు కాబట్టి ఏమీ లేదులే అని ఎవరూ ఇంట్లో కూర్చోకండి.

నిన్న పిన్నితో చెప్పాను, రేపు సభలో నీ సంగతి చెప్తానని. నవ్వి, "సెప్పమ్మా, ఇంకోలి కాలైనా నిలబడద్ది" అంది. ఆమె మాట మీరు నిలబెట్టాలి. ఈ నాలుగు పనులకూ సమ్మతమైతే చేతులెత్తండి. తీర్మానం పుస్తకంలో రాసుకుందాం.