ఆసు యంత్రాన్ని అందుకున్న ఇళ్లు

 

పట్టాలు అందుకున్న మీలో నల్లగొండ, పాలమూరు మగ్గాల ఇళ్ల పిల్లలున్నారు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేటల్లో నేసిన చీరను యాప్‌లో ఎందుకు అమ్మరని అడిగితే, నేతన్నలకు టెక్నాలజీ ఒంటబట్టదంటారు. నేను ఒప్పుకోను.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, వాళ్లమ్మ వేలసార్లు చెయ్యి అటూఇటూ ఆడించాలి. భుజం పడిపోయేది. నాలుగైదు గంటల ఆ పని యంత్రంతో గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టుకున్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రాన్ని నేత ఇళ్లు అందుకున్నాయి, పెట్టిన రోజే నొప్పి తగ్గింది కనుక. వాట్సాప్‌లో ఫొటో పంపడం, యూపీఐలో డబ్బు తీసుకోవడం కూడా వాళ్లకు కొత్తకాదు.

మరి అమ్మకాల యాప్ ఎక్కడ ఆగుతోంది? కూలికి నేసేవాళ్లకు నూలు, పట్టు, అడ్వాన్సు అన్నీ సావుకారివే. దించిన చీర తమది కాదు. యాప్‌లో ఏం పెట్టి అమ్ముతారు? సొంత పెట్టుబడి ఉన్నవాళ్ల బాధ వేరు. చిటికి కట్టి, అంటే నూలుకు ముడులు వేసి, అద్దిన రంగు ఫొటోలో ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. కొన్నవాళ్లు తిప్పి పంపితే రోజుల తరబడి పడ్డ కష్టం డబ్బు కాకుండా ఇంటికొస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినా, అదే డిజైన్ అచ్చేసిన మిల్లు చీర ఫోన్ తెర మీద పక్కనే చౌకగా కనిపిస్తుంది. చేత్తో ముట్టి చూసే వీలుంటే అంత సులువుగా మోసపోరు. ఇక పన్ను సంగతి. 2023 అక్టోబర్ నుంచి చిన్న అమ్మకందారులు జీఎస్టీ నమోదు లేకుండానే ఇలాంటి వేదికల మీద సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు. వీటి మీద వేరే రాష్ట్రానికి అమ్మాలంటే మాత్రం నమోదు తప్పదు. గద్వాల చీర కట్టేవాళ్లు తెలంగాణలోనే ఉన్నారా?

కామర్స్ చదివినవాళ్లు మీ ఊరి నేత సంఘానికి ఆ పన్ను లెక్కలు రాసిపెట్టండి. కంప్యూటర్లు చదివినవాళ్లు ముందు మగ్గం గుంట దగ్గర కూర్చోండి, పని ఎక్కడ ఆగుతోందో అడగండి. కోడ్ ఆ తర్వాత రాయండి.