పేరు పిలిస్తే పలికేదెవరు?

(అంబత్తూరులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరు ఆహ్వానపత్రిక మీద ఉంది. ఆయన్ని పేరు పెట్టి చెప్పడానికి నాకు ఈ రోజుకీ నోరు రాదు. మాస్టారు అనే అంటాను. 1964లో వెలసిన ఈ అంబత్తూరు ఎస్టేటులో ఆయన ఎక్కని షెడ్డు మెట్లు లేవు. ఎక్కడ యునిక్స్ పెట్టె మొరాయించినా నన్ను అడిగేది ఒకటే: “ఏరా అబ్బాయ్, మస్టర్ చూశావా, మనుషుల్ని చూశావా?” మస్టర్‌లో పేరు ఉంటుంది. మనిషి పనిలోకి దిగాడో లేదో గేటు దగ్గర తెలుస్తుంది. యంత్రంలో ఏయే పరికరాలున్నాయో కనుక్కునే విద్య చరిత్రంతా ఈ రెండింటి మధ్య నడిచిన నడకే.

బెల్ ల్యాబ్స్, థాంప్సన్, రిచీ, యునిక్స్ పుట్టుక మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇటు హైదరాబాదులో ఈసీఐఎల్ కథ కూడా మీకు కంఠతా వచ్చు. నేను ఏళ్ల తరబడి తవ్వింది 1971 నుంచి 1981 దాకా. అక్కడ కాసేపు కూర్చుందాం.

మొదటి మాన్యువల్ మీద తేదీ 1971 నవంబరు 3. అప్పటికే పరికరాలకు ‘డెవ్’ డైరెక్టరీలో పేర్లున్నాయి. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ సంఖ్య ఉంటుంది కదా, రూట్ డైరెక్టరీది 41. అంతకంటే చిన్న సంఖ్య ఉంటే అది మామూలు ఫైలు కాదు, పరికరం. పెళ్లి పందిట్లో ముందు వరుస కుర్చీలకు చీటీలు అంటించినట్టు, ఏ సంఖ్య ఎవరిదో ముందే రాసిపెట్టారు.

తర్వాతి కూర్పుల్లో మేజర్, మైనర్ సంఖ్యలొచ్చాయి. డెవ్‌లో ‘ఎల్‌ఎస్ మైనస్ ఎల్’ కొట్టి చూడండి. వరుసలో మొదటి అక్షరం ‘బి’ అయితే బ్లాక్ పరికరం, ‘సి’ అయితే క్యారెక్టర్ పరికరం. ఫైలు సైజు ఉండాల్సిన చోట రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఏ డ్రైవరో చెబుతుంది, రెండోది ఆ డ్రైవరు చేతికింద ఎవరో చెబుతుంది. నేటి లినక్స్‌లో మొదటి డిస్కు ఎస్‌డీఏకి 8, 0. ఎస్‌డీబీకి 8, 16. ఆ 16 చూసి పదహారో డిస్కు అనుకోకండి. మొదటి డిస్కుకు ఒకటి, దాని పార్టిషన్లకు పదిహేను సంఖ్యలు విడిచిపెట్టారు, అంతే.

అయితే ఇదంతా మస్టరే. ‘ఎంకేనాడ్’ ఆదేశంతో నేను ఇప్పుడే నలభై టేపు డ్రైవుల పేర్లు సృష్టించగలను. గదిలో ఒక్క టేపూ ఉండదు. తెరవబోయినప్పుడు గానీ లేదన్న సంగతి బయటపడదు.

ఇక నా పాత తగాదా. పరికరం తనంతట తాను పలకడం 1995లో ప్లగ్ అండ్ ప్లేతో మొదలైందని కొందరు మిత్రులు ఇప్పటికీ రాస్తున్నారు. 1981లో వ్యాక్స్ యంత్రాల మీద వచ్చిన బర్కిలీ యునిక్స్ 4.1బీఎస్‌డీని వాళ్లు చూడలేదా? ఆ యంత్రాల యూనిబస్ మీది కార్డుకు తన పేరు చెప్పుకునే నోరు లేదు. అయినా బర్కిలీ కుర్రవాళ్లు దారి కనిపెట్టారు. డ్రైవరు ఇచ్చిన చిరునామాలన్నిటికీ కెర్నల్ వెళ్లి తలుపు తడుతుంది. జవాబు లేకపోతే బస్ గడువు తీరిపోతుంది, కెర్నల్ ఆ పేరు కొట్టేస్తుంది. జవాబొస్తే ఒక్కసారి ఇంటరప్ట్ ఇమ్మంటుంది. ఖాళీగా ఉన్న వెక్టర్లన్నిటి దగ్గరా ముందే కాపలా పెట్టి, పిలుపు ఏ గుమ్మంలోంచి వచ్చిందో పట్టుకుంటుంది. తర్వాత తెర మీద ఒక వరుస: ‘హెచ్‌కే0 యూబీఏ0 దగ్గర, సీఎస్‌ఆర్ 177440, వెక్టర్ 210’. మొదటి డిస్కు కంట్రోలరు, మొదటి యూనిబస్ అడాప్టరు మీద, ఎనిమిది ఆధారంగా రాసిన ఫలానా చిరునామాలో, ఫలానా గుమ్మంలో పలికిందని అర్థం.

“చిరునామాలు ముందే రాసుండాలి కదా, అదీ మస్టరే” అంటారు వాళ్లు. సగం ఒప్పుకుంటాను. పిలిచింది కెర్నలే. కానీ పలికింది పరికరం. లేనివాడి పేరు పట్టీలోంచి పోయింది. మలుపు అక్కడుంది, 1995లో కాదు. దీని మీద ఇంకా...

అధ్యక్షులవారు చీటీ పంపారు. పది నిమిషాలట.

ఐఎస్‌ఏ కార్డులు, జంపర్ల కాలం నాకు విసుగు. రెండో సీరియల్ పోర్టూ, ఎన్‌ఈ2000 నెట్‌వర్క్ కార్డూ రెండూ ఐఆర్‌క్యూ 3 కోసం కొట్టుకునేవి. మాస్టారి చొక్కా జేబులో ఎప్పుడూ జంపర్లుండేవి. ముందుకు పోదాం.

1992లో పీసీఐ వచ్చింది. ప్రతి కార్డూ తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య, తన తరగతి తానే చెబుతుంది. ఇంటెల్‌ది 8086. ఖాళీ స్లాటును చదివితే అన్నీ ఎఫ్‌లే వస్తాయి. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ చూపించే అంకెలు కార్డువి, పేర్లు మాత్రం మనుషులు నింపిన ఒక ఫైలులోవి. పేరు రాకపోతే కార్డు చెడిందని కాదు, ఆ ఫైలు పాతదని. 2003లో లినక్స్ 2.6తో సిస్‌ఎఫ్‌ఎస్, దాని పక్కనే యూడెవ్ వచ్చాయి. ఇక పరికరం వచ్చాకే డెవ్‌లో పేరు పుడుతుంది, పోతే చెరిగిపోతుంది.

చివరి మాట. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోనులో బోర్డు మీద అతికిన చిప్పులు చాలావరకు పేరు పిలిచినా పలకవు. ఏ చిరునామాలో ఏముందో ఇంజనీర్లు చేత్తో రాసిన డివైస్ ట్రీని చదువుకునే కెర్నల్ మేలుకుంటుంది. 1971 నాటి మస్టర్ మళ్లీ వచ్చింది. ఈ ఎస్టేటులో బోర్డులు చేస్తున్న కుర్రవాళ్లకు నా విన్నపం ఒకటే: ట్రీలో పేరుందని తృప్తి పడకండి. కెర్నల్ సందేశాల పట్టీ డీమెసేజ్ తెరిచి, ఆ డ్రైవరు నిజంగా పరికరాన్ని అందుకుందో లేదో చూసి, ఆ తర్వాతే టెస్టు రిపోర్టు మీద సంతకం పెట్టండి.